డిగ్రీ పూర్తికాగానే పేద పిల్లల బడిలో టీచర్‌గా: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ చేతికొచ్చాక ఒకటి రెండేళ్లు బడిలో పాఠాలు చెబుదామా అని ఆలోచిస్తున్నవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు, అలాంటివాళ్లను చేర్చుకోవాలనుకునే బడులు, సంస్థలు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. కొన్నింటికి ఒక్క ముక్కలో జవాబుంది. కొన్నింటికి లేదు.

అసలీ పద్ధతి ఎక్కడ మొదలైంది?

కొత్తగా డిగ్రీ పూర్తిచేసినవాళ్లను గట్టిగా వడపోసి ఎంపిక చేస్తారు. కొద్ది వారాలు శిక్షణ ఇస్తారు. తర్వాత పేద కుటుంబాల పిల్లలు చదివే బడుల్లో రెండేళ్లపాటు పూర్తికాలం టీచర్లుగా పెడతారు. స్థూలంగా ఇదీ పద్ధతి. దీనికి పేరు తెచ్చింది టీచ్ ఫర్ అమెరికా. వెండీ కాప్ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చివరి ఏడాది చదువుతూ 1989లో థీసిస్‌గా రాసిన ఆలోచన అది. మరుసటి ఏడాదికే సుమారు 500 మందితో మొదటి బ్యాచ్ క్లాసుల్లోకి వెళ్లింది. ఇంగ్లండ్‌లో టీచ్ ఫస్ట్ 2002లో మొదలైంది. 2007లో టీచ్ ఫర్ ఆల్ అనే అంతర్జాతీయ కూటమి ఏర్పడ్డాక చాలా దేశాల్లో ఇదే తరహా సంస్థలు వచ్చాయి. షహీన్ మిస్త్రీ స్థాపించిన టీచ్ ఫర్ ఇండియా తొలి ఫెలోలు (ఇలా రెండేళ్లకు చేరిన టీచర్లను అక్కడ అలా అంటారు) 2009లో ముంబై, పుణే బడుల్లో పని మొదలుపెట్టారు.

బీఈడీ లేకుండా పాఠం చెప్పనిస్తారా?

అది దేశాన్ని బట్టి, బడిని బట్టి ఉంటుంది. ఇంగ్లండ్‌లో టీచ్ ఫస్ట్‌లో చేరినవాళ్లు పనిచేస్తూనే టీచర్ అర్హత సంపాదిస్తారు. అమెరికాలో రాష్ట్రానికో నిబంధన ఉంది. చాలాచోట్ల పగలు పాఠాలు చెబుతూ సాయంత్రాలు కోర్సులు చదవాలి.

భారత్‌లో ఒక విషయం ముందే తెలుసుకోండి. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ప్రభుత్వ బడిలో రెగ్యులర్ టీచర్ కావాలంటే ఉపాధ్యాయ శిక్షణ కోర్సు, టెట్ రెండూ ఉండాలి. ఫెలోషిప్ ఆ పోస్టు కాదు. రెండేళ్లు చేసినా దాని సర్టిఫికెట్ బీఈడీకి బదులుగా చెల్లదు. టీచర్ వృత్తిలోనే స్థిరపడాలని ఇప్పటికే నిర్ణయించుకున్నవాళ్లు ముందు బీఈడీ లేదా తాము చెప్పాలనుకునే తరగతులకు తగిన శిక్షణ కోర్సు చేయడమే మేలు అని నా అభిప్రాయం. ఇంకా తేల్చుకోలేనివాళ్లకు ఫెలోషిప్ పనికొస్తుంది.

ఐదారు వారాల శిక్షణ సరిపోతుందా?

సరిపోదు. సరిపోతుందని ఏ సంస్థ అయినా చెబితే అనుమానించండి.

వేసవి శిక్షణలో లెసన్ ప్లాన్ రాయడం, క్లాసును అదుపులో పెట్టుకోవడం, పిల్లలకు ఎంతవరకు వచ్చో కనుక్కోవడం నేర్పుతారు. పిల్లల ముందు నిలబెట్టి కొన్ని పాఠాలు చెప్పిస్తారు కూడా. అది క్లాసులోకి అడుగుపెట్టే ధైర్యానికి సరిపోతుంది, అంతే. అసలు శిక్షణ జరగాల్సింది ఆ తర్వాతే, మీ క్లాసులోనే. అందుకే చేరేముందు సంస్థను ఈ ప్రశ్నలు అడగండి: నా క్లాసు చూడటానికి వచ్చేది ఎవరు? ఎన్నాళ్లకోసారి వస్తారు? ఒక్కో మెంటర్ కింద ఎంతమంది కొత్తవాళ్లున్నారు? ఆ మెంటర్ తను స్వయంగా ఎన్నేళ్లు పాఠం చెప్పారు? చివరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు ఇబ్బందికరంగా ఉంటుంది. రెండేళ్లు ఫెలోగా చేసి, మూడో ఏడాది మెంటర్ అయినవాళ్లు తక్కువేం లేరు.

ఎవరిని ఎంపిక చేస్తారు? మార్కులు చూస్తారా?

చూస్తారు, కానీ మార్కులతో తేల్చరు. సాధారణంగా దరఖాస్తులో వ్యాసాలు, ఆ తర్వాత ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో ఇంటర్వ్యూ, చివర్లో ఒక రోజంతా గ్రూప్ చర్చ, డెమో పాఠం, ముఖాముఖి ఉంటాయి. సబ్జెక్టు మీద పట్టు పెద్ద తరగతులకు ముఖ్యం. చిన్న తరగతులకు అంతకన్నా ముఖ్యమైనవి రెండున్నాయి. ఒకటి, మొదలుపెట్టిన పనిని విసుగొచ్చాక కూడా వదలకుండా చేసిన చరిత్ర. రెండోది, ఎవరైనా తప్పు చూపిస్తే ముఖం మాడ్చుకోకుండా వినగలగడం. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు సర్టిఫికెట్లు పది పెట్టినవాళ్ల కంటే, చెల్లెలికో తమ్ముడికో ఏడాది పాటు లెక్కలు చెప్పి పాస్ చేయించినవాళ్లను నేనైతే ముందు పిలుస్తాను.

డెమో పాఠంలో ఏం చూస్తారు?

ఐదారు నిమిషాలిస్తారు. ఎదురుగా కూర్చున్న పెద్దవాళ్లు మూడో తరగతి పిల్లల్లా నటిస్తారు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, అదీ బాగా మాట్లాడగలిగినవాళ్లు.

ఉదాహరణకు పాఠం తీసివేత అనుకోండి. బోర్డు మీద 52 లోంచి 38 తీసేయమని ఇచ్చారు. ‘పిల్లాడు’ 26 అని రాస్తాడు. అభ్యర్థుల్లో ఎక్కువమంది చేసేది ఒకటే: “కాదు నాన్నా, చూడు” అంటూ చాక్‌పీసు తీసుకుని పక్క నుంచి అప్పు తెచ్చి, 12 లోంచి 8 పోతే 4 అని చకచకా చేసి చూపిస్తారు. పిల్లాడు తలూపుతాడు. పాఠం అయిపోయిందనుకుంటారు.

కొద్దిమంది మాత్రం ఆగి, “26 ఎలా వచ్చిందో నాకు చెప్పు” అంటారు. అప్పుడు బయటపడుతుంది: 2 లోంచి 8 పోదు కాబట్టి 8 లోంచి 2 తీసేశాడు. అంటే పిల్లాడికి తీసివేత వచ్చు, అంకెల స్థానాలు అర్థం కాలేదు. ఇక చెప్పాల్సింది అప్పు తెచ్చుకోవడం గురించి కాదు, 52 అంటే ఐదు పదులు, రెండు ఒకట్లు అన్న సంగతి. ఈ ప్రశ్న అడిగిన అభ్యర్థి ఆ తర్వాత తడబడినా, టైం అయిపోయినా ఫర్వాలేదు. పాఠం చెప్పే తీరు నేర్పొచ్చు. పిల్లాడు ఏం ఆలోచించాడో తెలుసుకోవాలన్న కుతూహలం ఐదు వారాల్లో నేర్పడం కష్టం.

“పిల్లలంటే ఇష్టం” అని చెబితే చాలా?

చాలదు. మాట వినని పిల్లలతో కూడా ఓపికగా ఉండగలరా అన్నదే ప్రశ్న.

జీతం ఎలా ఉంటుంది?

రెండు పద్ధతులున్నాయి. అమెరికా, ఇంగ్లండ్ సంస్థల ద్వారా వెళ్లినవాళ్లకు బడే జీతమిస్తుంది. మిగతా కొత్త టీచర్లకు ఇచ్చే స్కేలే దాదాపుగా వీళ్లకీ వస్తుంది. భారత్‌లో ఫెలోలకు సాధారణంగా సంస్థే నెలనెలా స్టైపెండ్ ఇస్తుంది. వేరే ఊళ్లో వేస్తే ఇంటి అద్దెకు అదనంగా ఎంతో కొంత ఇచ్చే సంస్థలున్నాయి. మీ క్లాస్‌మేట్లకు క్యాంపస్‌లో వచ్చిన ప్యాకేజీతో పోలిస్తే తక్కువే ఉంటుంది. ఎడ్యుకేషన్ లోన్ ఉంటే ఈఎంఐ ఎప్పటినుంచి మొదలవుతుందో బ్యాంకులో కనుక్కుని, కాగితం మీద లెక్క వేసుకున్నాకే సంతకం పెట్టండి. డబ్బు టెన్షన్ ఉన్నవాళ్లు క్లాసులో మనసు పెట్టలేరు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

సంస్థలకు కూడా ఒక మాట. స్టైపెండ్ మరీ తక్కువ పెడితే, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోగలిగినవాళ్లే వస్తారు. పేద ఇళ్ల నుంచి చదువుకుని పైకొచ్చినవాళ్లు, ఆ పిల్లలను అందరికంటే బాగా అర్థం చేసుకోగలిగినవాళ్లు, దరఖాస్తే పెట్టరు.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

“సమాజ సేవ” అని మొదలుపెట్టకండి, వాదన అక్కడే ఆగిపోతుంది. అమ్మానాన్నల భయం సాధారణంగా మూడు విషయాల గురించి: డబ్బు, రెండేళ్ల తర్వాత ఉద్యోగం, ఆడపిల్లలైతే ఎక్కడ ఉంటుంది, ఎలా వెళ్లొస్తుంది. వాటికి నేరుగా జవాబులు పట్టుకెళ్లండి. ఆఫర్ లెటర్ చూపించండి. అదే ఊళ్లో పనిచేసిన పాత ఫెలోతో ఫోన్ చేయించండి. మీరు గంట చెప్పినదానికంటే ఆ అమ్మాయి పది నిమిషాలు చెప్పింది ఎక్కువ పనిచేస్తుంది.

మొదటి ఏడాది నిజంగా అంత కష్టమా?

కష్టమే. ఏ కష్టమో తెలిస్తే కొంత తేలికవుతుంది.

మొదట గొంతు పోతుంది. రోజంతా నలభై మందికి వినిపించేలా మాట్లాడటం అలవాటు లేని గొంతు రెండు వారాల్లో బొంగురుపోతుంది. అరవడం తగ్గించి, చప్పట్లో, చెయ్యెత్తడమో ఏదో ఒక గుర్తు అలవాటు చేసినవాళ్లు త్వరగా బయటపడతారు.

తర్వాత తెలిసొచ్చేది పిల్లల మధ్య తేడా. పేరుకు ఐదో తరగతి. ఒక పాప కథల పుస్తకం గడగడా చదువుతుంది. పక్కనున్న అబ్బాయికి గుణింతాలు ఇంకా పూర్తిగా రావు, ఒత్తు కనబడితే ఆగిపోతాడు. పాఠ్యపుస్తకం మాత్రం ఇద్దరికీ ఒకటే, పరీక్ష కూడా ఒకటే. కొత్త టీచర్ పుస్తకం ప్రకారం వెళ్తే సగం క్లాసు కిటికీలోంచి బయటకు చూస్తుంది. వెనకబడినవాళ్ల దగ్గరే ఆగితే సిలబస్ అవదు, హెచ్‌ఎం అడుగుతారు. రోజులో ఒక గంట పిల్లలను వయసుతో సంబంధం లేకుండా ఎవరికి ఎంత వచ్చో దాన్నిబట్టి గుంపులుగా కూర్చోబెట్టి, అక్కడి నుంచి చెప్పడం ఇప్పటిదాకా బాగా పనిచేసిన దారి. భారత్‌లో ప్రథమ్ సంస్థ ఏళ్లుగా చేయిస్తున్నది ఇదే. చెప్పినంత తేలిక కాదు. ఒక గుంపుతో మీరు కూర్చుంటే మిగతా రెండు గుంపులు ఏం చేయాలో ముందురోజు రాత్రే సిద్ధం చేసిపెట్టుకోవాలి.

మూడో కష్టం గురించి ఎవరూ చెప్పరు. కాలేజీలో బాగా చదివి, ప్రతిదాంట్లో నెగ్గుకొచ్చినవాళ్లకు రోజూ ఓడిపోవడం కొత్త. చేరిన మూడు నాలుగు నెలలకు ఉత్సాహం అడుగంటుతుంది. ఆదివారం సాయంత్రం కడుపులో తిప్పుతుంది. మానేసేవాళ్లలో చాలామంది ఇక్కడే మానేస్తారు. ఈ దశ వస్తుందని ముందే తెలిసినవాళ్లు, మాట్లాడుకోవడానికి అదే బడిలో ఇంకో కొత్త టీచర్ ఉన్నవాళ్లు నిలబడతారు. అందుకే ఒక బడికి ఒక్కరినే పంపడం నాకు నచ్చదు. ఇద్దరిని పంపండి, లేదా అసలు పంపొద్దు.

వీళ్ల వల్ల పిల్లలకు నిజంగా లాభం ఉందా?

టీచ్ ఫర్ అమెరికా మీద జరిగినంత పరిశోధన మరే సంస్థ మీదా జరగలేదు. మేథమేటికా అనే పరిశోధన సంస్థ పిల్లలను లాటరీ పద్ధతిలో టీచర్లకు కేటాయించి చూసింది. 2004 ఫలితాల్లో, టీచ్ ఫర్ అమెరికా టీచర్ల దగ్గర చదివిన ప్రాథమిక తరగతుల పిల్లలు లెక్కల్లో సుమారు ఒక నెల చదువంత ముందున్నారు. చదవడంలో తేడా లేదు. 2013లో పెద్ద తరగతుల లెక్కల్లో ఆ తేడా రెండున్నర నెలలకు కాస్త ఎక్కువగా తేలింది. 2015లో ప్రాథమిక తరగతుల మీద మళ్లీ చూస్తే, మొత్తం మీద మిగతా టీచర్లతో సమానం.

దీన్నిబట్టి అద్భుతాలూ లేవు, నష్టమూ లేదు. లెక్కల్లో కొంత లాభం. ఈ పోలిక అవే బడుల్లోని ఇతర టీచర్లతో అన్నది గుర్తుంచుకోవాలి. మంచి టీచర్లు నిలవని బడుల్లో వీళ్లు ఉన్నవాళ్లకు తీసిపోలేదు. లిండా డార్లింగ్-హామండ్ లాంటి విద్యావేత్తలు మొదటి నుంచీ వేస్తున్న ప్రశ్న వేరే: పేద పిల్లలకే ఎప్పుడూ కొత్తవాళ్లు, శిక్షణ తక్కువున్నవాళ్లు ఎందుకు? దానికి పరీక్ష మార్కులు జవాబు చెప్పలేవు.

రెండేళ్లకే వెళ్లిపోతే ఆ పిల్లల సంగతేంటి?

ఈ పద్ధతిలో అతి బలహీనమైన చోటు ఇదే.

మోర్గన్ డొనాల్డ్‌సన్, సుసాన్ మూర్ జాన్సన్ అనే పరిశోధకులు టీచ్ ఫర్ అమెరికా ద్వారా చేరినవాళ్లను సర్వే చేసి లెక్కలు తీశారు. సుమారు 60 శాతం మంది ఒప్పందం ముగిశాక కూడా టీచర్లుగా కొనసాగారు. ఐదేళ్లు దాటాక బోధనలో ఉన్నది 28 శాతం. మొదట వేసిన బడిలోనే ఉన్నవాళ్లు దాంట్లో సుమారు సగం. అందరూ రెండేళ్లకే పారిపోతారన్న మాట తప్పని మొదటి అంకె చెబుతోంది. బడి వైపు నుంచి చూస్తే చివరి అంకే ముఖ్యం. టీచర్ వేరే బడికి వెళ్లినా, వేరే వృత్తికి వెళ్లినా ఆ బడి పిల్లలకు ఒకటే.

టీచర్ మారినప్పుడు పోయేది పాఠాలు మాత్రమే కాదు. ఏ పిల్లాడి నాన్న ఊళ్లో ఉండడు, ఎవరికి బోర్డు సరిగ్గా కనబడదు, ఎవరు ఉదయం తినకుండా వస్తారు, ఇవన్నీ టీచర్‌తో పాటే వెళ్లిపోతాయి. అందుకే వెళ్లేవాళ్లు కొత్తగా వచ్చేవాళ్లతో కనీసం రెండు వారాలు ఒకే క్లాసులో కలిసి ఉండాలని బడులు పట్టుబట్టాలి. ఒక్కో పిల్లాడికి ఒక్కో పేజీ చొప్పున నోట్‌బుక్ రాసి అప్పగించాలి. ఖర్చు లేని పని, అయినా చేసే బడులు తక్కువ.

పర్మినెంట్ టీచర్ల పొట్టకొట్టడం కాదా ఇది?

కావచ్చు, కాకపోవచ్చు. ఎవరూ లేని క్లాసుకు కొత్తవాళ్లను పంపితే కాదు. ఉన్న పోస్టులు నింపకుండా, వీళ్లు చౌకగా దొరుకుతున్నారు కదా అని నెట్టుకొస్తే అచ్చంగా అదే. 2005లో కత్రినా తుఫాను తర్వాత అమెరికాలోని న్యూఆర్లీన్స్ నగరంలో 7,000 మందికి పైగా బడి సిబ్బందిని తొలగించారు. ఆ తర్వాత అక్కడి బడుల్లో టీచ్ ఫర్ అమెరికా బాగా విస్తరించింది. తొలగించాలన్న నిర్ణయం ఆ సంస్థది కాకపోయినా, ఆ మచ్చ ఇప్పటికీ పోలేదు. మీరు చేరబోయే బడిలో మీకు ముందు ఆ క్లాసు ఎవరు చెప్పేవారు, ఇప్పుడు వారెక్కడున్నారు అని అడగడం మీ హక్కు.

బడిలో పాత టీచర్లు ఎలా చూస్తారు?

మొదట్లో అనుమానంగా. స్టాఫ్ రూంలో మీ గురించి వాళ్ల అంచనా, “రెండేళ్లుండి ఫొటోలు తీసుకుని పోతారు”. ఫోన్ పక్కన పెట్టి, ఇరవై ఏళ్లుగా ఒకటో తరగతి చెబుతున్న మేడం క్లాసులో వెనక కూర్చుని చూస్తానని అడగండి. అక్షరాలు దిద్దించడంలో ఆవిడకు తెలిసినవి ఏ శిక్షణలోనూ చెప్పరు. మీటింగుల్లో “మా ట్రైనింగ్‌లో ఇలా చెప్పారు” అనే మాట మొదటి ఆరు నెలలు వాడకండి.

మాకో సంస్థ ఉంది. కాలేజీలకు వెళ్లి ఏం చెబితే మంచివాళ్లు వస్తారు?

మీరు ఏ మాట చెప్పి పిలుస్తారో ఆ మాటకు సరిపోయేవాళ్లే వస్తారు. “దేశాన్ని మార్చండి”, “రేపటి నాయకులు మీరే” అని పోస్టర్లు వేస్తే నాయకులు కావాలనుకునేవాళ్లు వస్తారు. వాళ్లకు బడి మధ్యలో దిగే స్టేషన్. ఈ సంస్థల్లో చాలావాటి ప్రచారం ఇలాగే నడుస్తోంది. టాప్ కాలేజీ విద్యార్థులు పెద్ద కంపెనీల ఆఫర్లు పక్కనపెట్టి రావాలంటే అంత గొప్పగా చెప్పక తప్పదని వాళ్ల వాదన. అందులో నిజముంది, దరఖాస్తులు వేలల్లో వస్తాయి. డిసెంబరులో క్లాసులో ఎవరు మిగిలారన్నది వేరే లెక్క.

నా సలహా: క్యాంపస్ ప్రెజెంటేషన్‌లో పిల్లల నవ్వు ముఖాల స్లైడ్లు తీసేయండి. వాటి బదులు మామూలు మంగళవారం నాటి క్లాసు వీడియో పది నిమిషాలు కోతల్లేకుండా చూపించండి. ప్రస్తుతం పనిచేస్తున్న ఫెలోను తీసుకెళ్లండి. పోయిన వారం ఏం బెడిసికొట్టిందో ఆమెనే చెప్పమనండి. హాల్లో సగం మంది లేచి వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు కార్యక్రమం అయ్యాక దగ్గరకొచ్చి, “ఆ వెనక బెంచీ అబ్బాయికి తర్వాత ఏం చేశారు?” అని అడుగుతారు. వాళ్ల పేర్లు రాసుకోండి.

పేరున్న కాలేజీలకే వెళ్లాలా?

అక్కర్లేదు. బడి ఉన్న చుట్టుపక్కల డిగ్రీ కాలేజీలను వదిలేయడం పెద్ద పొరపాటు. ముంబై, వడోదరల్లో స్కూల్ చదువు పూర్తిచేసిన స్థానిక యువతులకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, వెనకబడిన పిల్లలకు రోజుకు రెండు గంటలు చెప్పిస్తే చదువు స్పష్టంగా మెరుగుపడిందని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2007లో ప్రచురించిన పరిశోధన చూపించింది. ఆంధ్రప్రదేశ్‌లో పల్లెల్లోని 100 ప్రభుత్వ ప్రాథమిక బడులకు అదనంగా ఒక్కో కాంట్రాక్ట్ టీచర్‌ను ఇచ్చి చూసిన కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ కూడా అలాంటి ఫలితమే చూశారు. ఆ టీచర్లలో ఎక్కువమంది అక్కడివాళ్లే. బడి ఎగ్గొట్టడం రెగ్యులర్ టీచర్ల కంటే వాళ్లలో తక్కువ. పిల్లల భాష, యాస, ఇంటి పరిస్థితి వేరే ఎవరూ నేర్పక్కర్లేనివాళ్లు వీళ్లు. పైగా రెండేళ్ల తర్వాత ఎక్కడికో వెళ్లిపోరు.

పిల్లల భాష నాకు రాదు. చేరొచ్చా?

చిన్న తరగతులకు వద్దు. పెద్ద తరగతులకైతే, అమ్మలతో మాట్లాడేంత భాష మొదటి ఏడాదిలోనే నేర్చుకుంటానంటే చేరొచ్చు.

మధ్యలో మానేస్తే?

చట్టప్రకారం మిమ్మల్ని పట్టి ఉంచలేరు. ఒప్పందంలో నోటీసు ఎన్ని రోజులో, తీసుకున్న డబ్బు ఏదైనా తిరిగి కట్టాలో చూసుకోండి. ఆరోగ్యం దెబ్బతింటుంటే ఆగొద్దు. మిగతా కారణాలకైతే టర్మ్ చివరిదాకా ఉండి వెళ్లండి. వెళ్తున్నట్టు పిల్లలకు మీరే చెప్పండి; సోమవారం వచ్చి మీ కుర్చీ ఖాళీగా చూసి తెలుసుకోకూడదు.

రెండేళ్ల తర్వాత ఏం చేయొచ్చు?

కొందరు టీచర్లుగానే ఉంటారు, కొందరు విద్యా సంస్థల్లో, ప్రభుత్వ పథకాల్లో పనికి వెళ్తారు, కొందరు పైచదువులకో కంపెనీలకో వెళ్తారు. రెజ్యూమేలో విలువ ఉంటుంది. దానికోసమే అయితే ఇంతకంటే సులువైన దారులున్నాయి.

దరఖాస్తుకు ముందు ఏం చేస్తే మంచిది?

దగ్గర్లోని బడి హెచ్‌ఎంను కలిసి, వారం రోజులు క్లాసులో వెనక కూర్చుంటానని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, ఒకట్రెండు రోజుల్లో మీకే ఏదో ఒక పని అప్పజెబుతారు. మధ్యాహ్నం వచ్చేయకుండా ఆఖరి పీరియడ్ దాకా ఉండండి. తర్వాత ఇద్దరితో మాట్లాడండి: రెండేళ్లు పూర్తిచేసిన ఒకరితో, మధ్యలో మానేసిన ఒకరితో. రెండోవారి నంబరు సంస్థ ఇవ్వదు, మొదటివారిని అడిగితే దొరుకుతుంది. వ్యాసాలు ఆ తర్వాత రాయండి. చివరి తేదీ ఒకటే ఉండదు, చాలా సంస్థలు ఏడాదిలో కొన్ని విడతలుగా దరఖాస్తులు తీసుకుంటాయి. ఈ విడత తప్పిపోతుందని తొందరపడక్కర్లేదు.